రెండో కన్ను

సోమవారం మధ్యాహ్నం మూడు దాటాక ఆమె మళ్ళీ నొక్కేసింది.

నొక్కే ముందు పెద్దగా ఏమీ అనుకోలేదు. ఒళ్ళో నల్లకోటు ఉంది. జేబు పక్కన సిగరెట్టు కాలిన చిల్లు, మిరియపుగింజంత. అలాంటి చిల్లు పూడ్చడానికి బయటి దారం పనికిరాదు. ఎంత నలుపైనా తేడా పట్టిచ్చేస్తుంది. కోటు లోపల, అంచు మడత కింద, ఎవరి కంటా పడని చోటు నుంచి పోగులు లాగాలి. ఆ పోగునే సూదికెక్కించి, ఒకటి పైనుంచి ఒకటి కిందనుంచి అల్లుకుంటూ పోవాలి. లాండ్రీ వెనకగదిలో కిటికీ పక్కన కూర్చుని తొమ్మిదేళ్ళుగా ఆమె చేస్తున్న పని అదే. అక్కడ ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆమె 'రఫూ'.

పద్నాలుగు పోగులు లాగేసరికి మెడ పట్టేసింది. ఒక్క నిమిషం అనుకుని ఫోను తీసింది. కొనుగోలు యాప్‌లన్నీ భర్త ఎప్పుడో తీసేశాడు. కానీ ఇంటికి వీధి తలుపు మూస్తే దొడ్డితలుపు ఉండనే ఉంటుంది. వార్తల పక్కన చిన్న బొమ్మ: బల్ల మీద పెట్టుకునే దీపం. మెడ ఎటు వంచితే అటు వంగుతుంది. వెలుగు సూది మొన మీదే పడుతుంది. 'సగం ధర. ఇంకా పదకొండు నిమిషాలే.' అంకెలు తరుగుతున్నాయి. పది. తొమ్మిది. పని కోసమేగా అనుకుంది. ఎనిమిదిలో ఉండగా బొటనవేలు తనంతట తనే వెళ్ళినట్టు వెళ్ళింది.

పచ్చటి టిక్కు వచ్చింది. 'మీ వస్తువు గురువారం చేరుతుంది. డబ్బు అందాక ఇవ్వండి.'

భయం అప్పుడు వచ్చింది. 

"ఏం రఫూ, దెయ్యం కనిపించిందా?" ఇస్త్రీ బల్ల అవతలినుంచి ఓనరమ్మ అడిగింది. ఆవిరి వెనక ఆవిడ ముఖం సరిగ్గా కనిపించడం లేదు.

"ఏం లేదమ్మా. సూది గుచ్చుకుంది."

రద్దు చేద్దామని వెతికింది. 'కారణం తెలపండి' అని ఏడు కారణాలు చూపించింది ఫోను. రంగు నచ్చలేదు, ఇంకోచోట చవక, అడ్రసు తప్పు... ఏదో ఒకటి నొక్కింది. 'మీ కోరిక పరిశీలనలో ఉంది' అంది. సాయంత్రం దాకా పరిశీలనలోనే ఉంది.

ఇంట్లో బీరువా తలుపుకి ఒక కాగితం అంటించి ఉంటుంది. ఆయన రాసింది. లిఫ్టు మెకానిక్కు కదా, అంకెలన్నీ కొలత పెట్టినట్టు నిటారుగా ఉంటాయి. పైన మూడు కార్డుల బాకీ, నెలనెలా కట్టాల్సిన వాయిదా. కింద అద్దె, కరెంటు, బస్సు, సరుకులు, అమ్మ కంటిమందు. అంతే. కట్టేసిన నెల మీద ఎర్రగీత. ఇప్పటికి రెండు గీతలు పడ్డాయి. ఇంకా పంతొమ్మిది పడాలి.

ఇంట్లోకి రాగానే ముందు కళ్ళు ఆ కాగితం మీదికే పోతాయి ఆమెకి. ఆమె చాటుగా చేసిన కార్డుల అప్పు బయటపడ్డ రోజు ఆయన అరవలేదు. పనిసంచిలోంచి రేకు కత్తెర తీసి మూడు కార్డుల్నీ నాలుగేసి ముక్కలు చేశాడు. మర్నాడు మోటారుసైకిలు అమ్మేశాడు. అప్పట్నుంచి రెండు బస్సులు మారి, మూడంతస్తుల మెట్లెక్కి వస్తున్నాడు. తిడితే తిట్లు తినేది. ఆయన మాటలే తగ్గించేశాడు. "నీళ్ళు." "బస్సు లేటు." "రేపు పొద్దున్నే పోవాలి." ఇంట్లో కుర్చీ జరిపిన చప్పుడుకి కూడా ఆమె ఉలిక్కిపడుతోంది.

"రా అమ్మాయ్, టీ పెట్టాను" అంది అత్తగారు.

ఆవిడ కప్పు ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో టీ వంచింది. ధార కప్పులో పడలేదు. పక్కన బల్ల మీద పడి అంచు దాకా పారింది.

"చూశావా, ముసలి చెయ్యి" అని నవ్వి గుడ్డతో తుడిచేసింది. రెండోసారి తల కాస్త కుడివైపుకి తిప్పి, కోడి గింజని చూసినట్టు ఓరగా చూసి పోసింది. ఈసారి కప్పులోనే పడింది.

ఆమె చూసింది. కానీ మనసు గురువారం దగ్గర ఉంది.

మంగళవారం కార్డు బాకీ వసూలుచేసేవాళ్ళ నుంచి ఒక ఫోను వచ్చింది. తమ్ముడు మాట్లాడినంత మర్యాదగా ఉంది గొంతు.

"అక్కా, ఐదో తారీఖు గుర్తుంది కదా? ఒక్క వాయిదా తప్పినా పాత వడ్డీ మళ్ళీ మొదట్నుంచి లెక్క. మీరు ఇబ్బందిపడకూడదని చెప్తున్నా. మీ షాపు నంబరు కూడా మా దగ్గర ఉంది. మీ ఓనరమ్మతో మాట్లాడాల్సి వస్తుందేమోనని."

"తప్పదండీ. కట్టేస్తాం" అంది. పెట్టేశాక చూసుకుంటే చెయ్యి తడిసి ఉంది. ఆ చేత్తో తెల్లబట్ట ముట్టుకోకూడదు. లేచి వెళ్ళి సబ్బుతో కడుక్కుని వచ్చింది.

ఏడువందల చిల్లర. దీపం ధర అంతే. ఆయన ముందు ఆ అంకె చెప్పుకుంటే చిన్నదే. కానీ అంకె కాదు సంగతి. ఇకమీదట ఏమీ కొననని మాట ఇచ్చింది. ఆ మాటిచ్చాక ఇది మూడోసారి. మొదటి నెల కిటికీ తెరలు. రెండో నెల చెప్పులు. రెండుసార్లూ ఆమె పనిలో ఉండగా పార్శిల్ వచ్చింది. రెండుసార్లూ అత్తగారే డబ్బిచ్చి తీసుకుని, మంచం కింద దాచి, సాయంత్రం వంటింట్లో గుసగుసగా చెప్పింది. "వచ్చింది. వాడికి తెలీదులే. నా దగ్గర ఉన్నాయి, ఇచ్చేశాను." తెరలు ఎవరో ఇచ్చారని చెప్పి కట్టారు. చెప్పులు ఇంకా పెట్టెలోనే ఉన్నాయి. తొడుక్కునే ధైర్యం లేదు.

ఎక్కడివి అత్తయ్యా మీకు డబ్బులు అని ఆమె అడగలేదు. అడిగితే తిరిగి ఇవ్వాలి కదా.

ఆ సాయంత్రం అత్తగారి కుడి మోచేతి మీద నీలంగా కమిలిన మచ్చ కనిపించింది.

"ఏమైంది అత్తయ్యా?"

"తలుపుకి బుద్ధి లేదు. నాకు అడ్డొచ్చింది."

ఆయన అన్నం తింటూ తల ఎత్తాడు. "చూసుకుని నడవమ్మా" అన్నాడు. అంతే, మళ్ళీ కంచంలోకి చూశాడు.

బుధవారం పొద్దున ఓనరమ్మని అడిగింది. "రేపు మధ్యాహ్నం రెండు గంటలు బయటికెళ్ళొస్తానమ్మా."

"రేపా? ఆ నల్లకోటు శుక్రవారం ఇవ్వాలని నేను మాటిచ్చాను. ఎంతవరకొచ్చింది?"

"సగం అయ్యింది."

"సగం చిల్లుతో తొడుక్కుంటాడా మనిషి? వెళ్తే వెళ్ళు, అరపూట జీతం పోతుంది. నీ ఇష్టం."

అరపూట జీతం పోతే నెలాఖరున ఆయన అడుగుతాడు. అడగడు, చూస్తాడు. ఆమె మళ్ళీ కిటికీ పక్కన కూర్చుంది. అల్లిక తప్పు పడింది. రెండు పోగులు కింద నుంచి పోవాల్సినవి పైనుంచి పోయాయి. మొత్తం విప్పి మళ్ళీ మొదలుపెట్టింది.

ఇక మిగిలింది ఒక్కటే దారి. సాయంత్రం ఆయన స్నానానికి వెళ్ళగానే వంటింట్లోకి వెళ్ళింది. నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

"అత్తయ్యా. రేపు ఏదైనా పార్శిల్ వస్తే తీసుకోకండి. వద్దని పంపెయ్యండి."

అత్తగారు కత్తిపీట పక్కకి జరిపింది. ఆవిడ ముఖంలో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది.

"మళ్ళీనా, అమ్మాయ్?"

"రద్దు చేశాను. అవలేదు. దీపం. పనికొస్తుందని..." మాట మధ్యలోనే పోయింది. "ఈసారి చివరిసారి. ఒట్టు."

"ఒట్లెందుకులే. ఒట్టుకి ఏం ఖర్చు."

నీళ్ళ చప్పుడు ఆగింది. అత్తగారు వేలు పెదవుల మీద పెట్టుకుంది. కళ్ళు స్నానాలగది తలుపు మీదే ఉన్నాయి. తనకే కాదు, ఈ ఇంట్లో ఆవిడకి కూడా ఆ తలుపు తెరుచుకుంటే భయమేనని ఆమెకి మొదటిసారి తెలిసింది.

గురువారం ఒంటిగంట దాటాక తెలియని నంబరు నుంచి ఫోను. చుట్టూ మెట్ల మీద మోగే గొంతులు.

"మేడమ్, పార్శిల్. ఇక్కడ పెద్దావిడ ముందు వద్దన్నారు, ఇప్పుడు తీసుకుంటానంటున్నారు. వెయ్యి ఇచ్చారు. నా దగ్గర చిల్లర లేదు. మీరేమైనా..."

"వద్దు! తీసుకోవద్దని చెప్పండి. తిరిగి పట్టుకుపోండి."

"అలా అంటే ఎలా మేడమ్, మూడంతస్తులెక్కి వచ్చాను. తిరిగి తీసుకెళ్తే నాకు కోత పడుతుంది. ఆఁ, పక్కింటావిడ చిల్లర ఇచ్చారు. అయిపోయింది మేడమ్. థాంక్యూ."

ఫోను కట్ అయింది. సూది ఎక్కడ పెట్టిందో కనిపించలేదు. ఒళ్ళంతా తడుముకుంది. కోటు మడతలో దొరికింది.

ఇంటికి వెళ్ళేసరికి పెట్టె మంచం కింద ఉంది, గోడవైపుకి తోసి, ముందు దుప్పటి అడ్డంపెట్టి.

"వద్దన్నాను కదా అత్తయ్యా."

"నేనూ వద్దనే అన్నాను. ఆ పార్శిల్ కుర్రాడు గొంతు పెంచాడు. పక్కింటివాళ్ళు తలుపు తీశారు. మనవాడు ఈ పక్కవీధిలోనే లిఫ్టు బాగుచేస్తున్నానన్నాడుగా పొద్దున, అన్నానికి వస్తాడేమోనని నాకు కాళ్ళాడలేదు. వదిలించుకుంటే చాలనిపించింది."

"డబ్బులు?"

"ఉన్నాయిలే."

"ఎక్కడివి?" ఈసారి అడిగేసింది.

"ఎక్కడివైతేనేం. దొంగతనం చెయ్యలేదు." అత్తగారు లేచి, వంటింట్లోకి వెళ్తూ గుమ్మానికి భుజం తగిలించుకుంది. కుడి భుజం. తగిలిందనైనా అనలేదు. అలవాటైపోయినట్టు ఆ చోటు రుద్దుకుంటూ వెళ్ళిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నానికి నల్లకోటు పూర్తయింది. ఓనరమ్మ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, గుడ్డని వెలుగుకి అడ్డంపెట్టి, వేలితో తడిమి, "ఎక్కడుండేది చిల్లు?" అంది. ఆవిడ మెచ్చుకోలు అంతే ఉంటుంది. సాయంత్రం ఆరుకల్లా వదిలేసింది.

వేళ్ళకి చుట్టుకునే పట్టీలు అయిపోయాయి. బస్సు దిగి, వీధి మొదట్లో ఉన్న మందులషాపుకి వెళ్ళింది. షాపాయన వయసుమళ్ళిన మనిషి, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని దాని మీదుగా చూస్తాడు.

"పెద్దావిడ ఊరెళ్ళారామ్మా?"

"లేదే. ఇంట్లోనే ఉన్నారు. ఏం?"

"మరేం లేదు. చుక్కలమందు తీసుకుని చాలా రోజులైంది. ఆవిడ కోసమని తెప్పించి ఫ్రిజ్‌లో పెట్టాను. వేరే చోట కొంటున్నారేమో అనుకున్నా." ఆయన కంప్యూటరు వైపు తిరిగి, ఒక వేలితో కొట్టి చూశాడు. "ఇదిగో. రెండున్నర నెలలు. సీసా నెలకి మించి రాదు కదా."

"వేరే చోట కొనరండీ."

ఆయన కళ్ళజోడు తీశాడు. "ఆపేశారా? అది ఆపకూడదమ్మా. కంట్లో ఒత్తిడి జబ్బు అది. నొప్పి ఉండదు, ఎర్రబడదు. పక్కల నుంచి చూపు కొంచెం కొంచెం తినేస్తూ పోతుంది. ఎదురుగా బాగానే కనిపిస్తుంటుంది కాబట్టి మనిషికి కూడా తెలీదు. తెలిసేసరికి..." ఎదుటి ముఖం చూసి ఆగాడు. "ముందు అడగండి ఇంట్లో. కంగారుపడకండి."

"ఎంత అది, సీసా?"

ఆయన చెప్పాడు. ఏడువందల నలభై.

పట్టీలు తీసుకోకుండానే బయటపడింది. ఇంటికి మూడువందల అడుగులుంటుంది. మొదటి నెల తెరలు. రెండో నెల చెప్పులు. మూడో నెల దీపం. ఒకటో తారీఖున ఆయన జేబులోంచి నోట్లు తీసి, "అమ్మా, మందు" అని తల్లి చేతిలో పెట్టడం కళ్ళముందు ఆడింది. మూడుసార్లూ పెట్టాడు. మూడుసార్లూ తను అక్కడే నిలబడి ఉంది.

మెట్లు ఎలా ఎక్కిందో తెలీదు. తలుపు దగ్గరికి వేసి ఉంది. చప్పుడు చెయ్యకుండా తోసింది.

అత్తగారు కిటికీ ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఆమె చెప్పులు విప్పేసి, వట్టికాళ్ళతో, గోడ వెంబడి, ఆవిడ కుడిపక్కకి నడిచింది. రెండు అడుగుల దూరంలో ఆగింది. చెయ్యి ఎత్తింది. వేళ్ళు ఆడించింది.

అత్తగారు కొడుకు చొక్కా చేతులు వెనక్కి మడిచింది.

ఆమె చెయ్యి ఇంకొంచెం ముందుకి జరిపింది. ఊపిరి బిగబట్టుకుంది. చూడండి, చూడండి అత్తయ్యా, తిట్టండి, ఇదేం ఆట అనండి, అని లోపల ఒకటే మొర. చెయ్యి ఇంకా ముందుకి. దాదాపు ఆవిడ ముక్కు ఎదుటికి వచ్చేదాకా ఆవిడ చొక్కా కాలరు సరిచేస్తూనే ఉంది. వేలికొస చూపులోకి వచ్చాక అదిరిపడి, చొక్కా జారవిడిచింది.

"అమ్మో! ఎవరూ... నువ్వా! ఎప్పుడొచ్చావ్? చప్పుడైనా లేదు."

ఆమె చెయ్యి దించింది. "మందు ఏది అత్తయ్యా?"

"ఏం మందు?"

"కంటిమందు. సీసా చూపించండి."

 అత్తగారు తలగడ కింద నుంచి తీసి ఇచ్చింది. వెలుగుకి ఎత్తిపట్టి చూసింది ఆమె. అడుగున తడి ఉందంటే ఉంది, లేదంటే లేదు.

"ఇంకా వస్తుంది. వంచి పెడితే వస్తుంది" అంది అత్తగారు. "ఒక్క కంటికే వేసుకుంటున్నాను. ఎడమది. డాక్టరు అప్పుడే చెప్పాడుగా, ఎడమది గట్టిదని. కుడిది ఎలాగూ నీరసంది. ఉన్నది ఒకదానికైనా సరిగ్గా పోద్దామని, రోజు విడిచి రోజు..."

"నా పార్శిళ్ళకి ఇచ్చేశారా?"

"మరి పార్శిల్ కుర్రాణ్ణి గుమ్మంలో నిలబెట్టమంటావా?"

"నాతో అనొచ్చు కదా! ఒక్క మాట. నా కళ్ళు పోతున్నాయే, చాలించు అని."

"అంటే?" అత్తగారి గొంతు మొదటిసారి గట్టిపడింది. "అంటే నువ్వు ఏడుస్తావ్. వాడికి తెలుస్తుంది. వాడు ఇప్పుడే మాట్లాడ్డం లేదు. రేపు ఇంటికి రావడం కూడా మానేస్తే? మీ ఇద్దరి మధ్యా నేను ఏ కంటితో చూసినా ఒకటే నాకు." ఆవిడ కిందపడ్డ చొక్కా కోసం వంగింది. కుడివైపు పడింది అది. చెయ్యి నేలమీద తడుముతోంది, అందడం లేదు.

ఆమె చొక్కా తీసి ఆవిడ చేతిలో పెట్టింది.

ఆయన వచ్చే వేళ దగ్గరపడుతోంది. ఇంట్లో, తల్లి ఎదురుగా చెప్పడం ఆమె వల్ల కాదు. గదిలోకి వెళ్ళి తలుపేసుకుని చెప్పడానికి ఉన్నదే ఒక గది. ఆమె మెట్లు దిగింది. రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య మలుపులో నిలబడింది. కింద తలుపు పడ్డ ప్రతిసారీ కమ్మీ మీదుగా వంగి చూసింది. ఎవరో కూరగాయల సంచితో వెళ్ళారు. ఎవరో పలకరించారు. ఏం జవాబు చెప్పిందో గుర్తులేదు. పారిపోవాలనిపించింది, ఎక్కడికో తెలియలేదు. పనిసంచిలోని ఇనుప సామాన్లు గలగలమన్నాయి. అది ఆయనే.

ఆమెని చూసి రెండు మెట్ల కింద ఆగిపోయాడు. "అమ్మకేమైంది?"

"చెప్తాను. మధ్యలో ఆపకండి. ఆపితే మళ్ళీ చెప్పలేను."

చెప్పింది. తెరలు, చెప్పులు, దీపం. మూడు నెలల మందు డబ్బులు. ఒక్క కంటికి ఒక్కచుక్క. చెయ్యి ఎంత ముందుకొస్తే కనిపించిందో అది కూడా, తన చెయ్యి పెట్టి చూపించింది. మాటలు వరసగా రాలేదు. ముందుది వెనక, వెనకది ముందు అయ్యింది. ఆయన ఆపలేదు.

చెప్పడం అయ్యాక ఆయన సంచి కింద పెట్టాడు. మెట్టు మీద కూర్చున్నాడు. ఆయన చేతులకి గ్రీజు ఉంది. ఆ చేతులే ముఖానికి పెట్టుకోబోయి, ఆగి, మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఇప్పుడు అరుస్తాడు అనుకుంది ఆమె. మెట్ల కమ్మీ గట్టిగా పట్టుకుంది.

"మోచెయ్యి కమిలితే చూసుకుని నడవమన్నాను" అన్నాడు. "చూసుకోమన్నాను మా అమ్మని."

ఆమె కమ్మీ వదిలేసింది.

"నెలకోసారి డబ్బులిచ్చి చేతులు దులుపుకున్నాను. కొన్నావా అని అడగలేదు ఒక్కసారి. అడిగితే ఏమైపోయేది?" అన్నాడు. "నేను మాట్లాడితే ఏదో ఒకటి అనేస్తానని భయం నాకు. మా నాన్న అలాగే అనేసేవాడు. అందుకే నోరు మూసుకున్నాను. నువ్వేమో నేను నిన్ను లెక్కలోంచి తీసేశాననుకున్నావ్."

"అవునండీ."

"సరిపోయింది" అన్నాడు. నవ్వలేదు. "ముగ్గురం మూడు మూలల్లో దాక్కున్నాం."

కింద తలుపు పడింది. ఎవరో ఎక్కి వస్తున్నారు. దారి ఇవ్వడానికి ఆమె కూడా మెట్టు మీద ఆయన పక్కనే కూర్చోవలసి వచ్చింది.

శనివారం ఇద్దరూ పని మానేశారు. అరపూట కాదు, రోజంతా. కంటిడాక్టరమ్మ అత్తగారి గడ్డాన్ని యంత్రం మీద ఆనించి, ఒక్కో కన్నూ మూయించి, చిన్నచిన్న వెలుగు చుక్కలు కనిపించినప్పుడల్లా మీట నొక్కమంది. ఎడమ కంటికి మీట టక్కు టక్కుమంటూనే ఉంది. కుడి కంటికి మొదట్లో రెండుసార్లు మోగింది. తరవాత చాలాసేపు ఏమీ లేదు. ఆ నిశ్శబ్దంలో బయటి బెంచీ మీద వాళ్ళిద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోలేదు. "మీట పాడైందేమో" అంది అత్తగారు లోపలినుంచి. పాడవలేదు.

"కుడి కంటికి బయటివైపు చూపు చాలావరకు పోయింది" అంది డాక్టరమ్మ. "కొంత ముందే పోయి ఉంటుంది. ఈ రెండు నెలల్లో ఎంత అనేది నేను చెప్పలేను. పోయింది రాదు. మిగిలింది నిలబెట్టుకోవచ్చు. కానీ రోజూ, రెండు కళ్ళకీ. ఒక్కరోజు కూడా తప్పకూడదు."

ఆమె ఒక్కటే అడిగింది. "రెండు నెలలూ వేసి ఉంటే?"

"ఆ లెక్క ఎవరూ వెయ్యలేరమ్మా" అంది డాక్టరమ్మ. ఆ జవాబుతో ఆమె మిగతా రోజులన్నీ బతకాలి.

ఇంటికొచ్చాక ఆయన మంచం కింద నుంచి దీపం పెట్టె, చెప్పుల పెట్టె తీశాడు. దీపం తిరిగి తీసుకుంటారు. చెప్పులకి గడువు దాటిపోయింది. మోటారుసైకిలు తాలూకు ఆఖరి డబ్బు కొంత ఐదో తారీఖు వాయిదా కోసం పక్కన పెట్టి ఉంచాడు. అందులోంచి రెండు ఐదువందల నోట్లు తీశాడు.

"ఓవర్‌టైమ్ అడుగుతాను. వాయిదా నేను చూసుకుంటాను" అని, ఆ నోట్లు ఆమె వైపు చాచాడు. "మందు తీసుకురా."

ఆమె వెనక్కి జరిగింది. "నాకివ్వొద్దు. మీరే వెళ్ళండి. నా చేతికి డబ్బివ్వొద్దండీ, ఇకమీదట ఎప్పుడూ. ఫోను కూడా మీ దగ్గరే ఉంచుకోండి."

"నేను దాస్తాను, నువ్వు వెతుకుతావు. అది అయ్యిందిగా." నోట్లు ఇంకా అలాగే పట్టుకుని ఉన్నాడు. "ప్రతి నెలా నీకే ఇస్తాను. నువ్వే కొనాలి. రాత్రి నువ్వే వెయ్యాలి. ఏదైనా కొనాలని చెయ్యి లాగితే నాకు చెప్పు. నొక్కకముందు చెప్పు. పనిలో ఉన్నా ఎత్తుతాను."

ఈ వారమంతా పడ్డ భయాలన్నీ ఒక ఎత్తు, అప్పుడు వేసిన భయం ఒక ఎత్తు. దొరికిపోతానన్న భయం ఆమెకి తెలుసు, దానికి అలవాటుపడింది. ఇది కొత్తది. నోట్లు తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, పిడికిట్లో బిగించి మెట్లు దిగింది.

మూడువందల అడుగులు. దారిలో గిన్నెల షాపు, బట్టల షాపు, 'ఈ రోజే ఆఖరు' అని ఎర్ర అట్ట కట్టిన సంచుల షాపు. అట్ట ముందు కాళ్ళు నెమ్మదించాయి. నిజంగానే నెమ్మదించాయి. తనకే ఒళ్ళు జలదరించింది. ఇంత జరిగాక కూడా. అక్కడే రోడ్డు పక్కన నిలబడి ఆయనకి ఫోను చేసింది.

"ఏమైంది?"

"ఏం లేదు. సంచుల షాపు."

 "ఆఁ. ఫోను పెట్టకు. నడువు."

నడిచింది. ఆయన ఏమీ మాట్లాడలేదు, ఊపిరి మాత్రం వినిపిస్తోంది. మందులషాపాయన ఫ్రిజ్ తలుపు తీసిన చప్పుడు అయ్యేదాకా అటువైపు ఆయన ఫోను పట్టుకునే ఉన్నాడు.

దీపాలు పెట్టే వేళకి అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టింది. చేతులు కడుక్కుంది. ఆవిడ తల వెనక్కి వాల్చి, "ఇన్నాళ్ళూ నేనే వేసుకోలేదూ, ఇదో పెళ్ళి చేస్తున్నారు" అని గొణిగింది. ఆయన గుమ్మంలో నిలబడ్డాడు.

ఎడమ కంటికి చుక్క తిన్నగా పడింది. కుడివైపుకి వచ్చింది. ఎడమచేతి వేలితో కింది రెప్ప లాగింది. వెంట్రుకంత పోగుని సూదిలోకి తోసే చెయ్యి అది. ఇప్పుడు ఒక్కచుక్క దగ్గర ఆగనంటూ వణికింది. సీసా మూతి ఆ కంటి మీద అటూ ఇటూ ఊగింది.

"వెయ్యవే. మెడ పట్టేస్తోంది."

"కళ్ళు మూసుకోకండి అత్తయ్యా."

"నేను తెరిచే ఉంచాను. మూసుకున్నది నువ్వు."

గుమ్మంలో ఆయన ముక్కుతో చిన్నగా చప్పుడు చేశాడు. అది నవ్వో మరోటో.

ఆమె కళ్ళు తెరిచింది. కుడి కన్ను తడిగా, మసగ్గా, పైకప్పు వైపు చూస్తోంది. దాని మీదికి సీసా వంచి, చుక్క పడేదాకా చూపు తిప్పుకోలేదు.